ఎనిమిదో పాయింటు

"ఇది పుస్తకంలో లేదండీ," అంది లెక్చరరు, జవాబు పత్రాన్ని కండక్టరు ముందుకు జరుపుతూ. "అందుకే సున్నా వేశాను."

యాభై దాటిన సిటీబస్సు కండక్టరు ఆయన. బస్సు చివరి స్టాపులో ఆగే పావుగంటల్లో, వారానికో పేజీ చొప్పున, నాలుగేళ్లుగా ఆ తత్వశాస్త్ర గ్రంథాన్ని సరదా కోసం చదువుకున్నాడట. ఎలాగూ చదువుతున్నావు, పరీక్ష కూడా రాసెయ్యి నాన్నా అని కూతురు ఫీజు కట్టేసింది. తీరా రాస్తే తప్పాడు.

లెక్చరరుకు కోపం రాలేదు. కోప్పడే ఓపిక ఎప్పుడో అయిపోయింది. ఇరవై ఆరేళ్లుగా అదే గ్రంథం, అవే ఏడు పాయింట్లు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలదు. పిల్లలూ ఆ ఏడే రాస్తారు, ఆవిడా ఏడు టిక్కులు కొడుతుంది. ఈయనొక్కడే ఏడింటినీ గాలికొదిలేసి, ఎవరూ చెప్పని ముక్క పట్టుకుని మూడు పేజీలు నింపాడు. సాయంత్రంలోగా 'మార్పు లేదు' అని సంతకం పెట్టేస్తే, ఈ తిరిగి దిద్దే బెడద వదిలిపోతుంది.

"మార్కులు కలపమని రాలేదమ్మా," అన్నాడాయన. "కొన్ని పేజీలు పదిసార్లు చదివితేగానీ బుర్రకెక్కలేదు. ఎక్కిన రోజున టిక్కెట్లు కొడుతూ నాలో నేనే నవ్వుకునేవాణ్ణి. అదంతా తప్పేనా? తప్పయితే ఇక ఆ పుస్తకం ముట్టుకోను."

ఆవిడకు జాలేసింది. పరీక్షకు నోట్సు చదవాలి గానీ గ్రంథంతో కుస్తీ పట్టకూడదని నచ్చజెప్పింది.

"మీకు అందులో ఏ చోటు ఇష్టమమ్మా?"

"ఇష్టమా," అందావిడ నీరసంగా. "చెప్పిందే చెప్పీ చెప్పీ, అదెప్పుడో పోయిందండీ."

ఆయన డ్యూటీకి వేళయిందంటూ లేచి, అట్ట ఊడిన తన పుస్తకాన్ని బల్ల మీద ఉంచాడు. టిక్కెట్టు పెట్టిన పేజీ ఒక్కటి చూడమనీ, తను పొరబడిన చోట గీత గీసి పెట్టమనీ అడిగి వెళ్లాడు.

ఆవిడ సంతకానికి కలం తీసింది. ముట్టుకోనన్న మాట చేతికి అడ్డం పడింది. సరేలే అనుకుని ఆ పేజీ చూసింది.

ఆయన రాసిన ముక్క అక్కడే ఉంది, ఎవరికైనా తెలిసేంత తేటగా. పక్క పేజీ చదివింది, ఆ పక్కదీ చదివింది. మనసు చివుక్కుమంది. సున్నా కొట్టేసి ఇరవైకి పద్దెనిమిది వేసి, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని మొదటి పేజీ తిప్పింది.

ఆవిడ ఆ గ్రంథం తెరవడం అదే మొదటిసారి.