రెండో చరణం ముందు నవ్వు

“ఆ నవ్వు పాటలో లేదని తేలితే ఈ గ్రూపు అడ్మిన్ పదవి వదిలేస్తాను” అని టైపు చేసి, పళ్ళ డాక్టరు ఫోనుని భోజనాల బల్ల మీద బోర్లించాడు. మనసాగక, మరుక్షణమే తిరగేసి చూశాడు.

గులాబీ బొమ్మ అప్పుడే జవాబిచ్చేసింది. “ఉందన్నవారు మీరే కదా సార్. ఓసారి వినిపించండి.” కింద దండం పెట్టే చేతులు రెండు. ఆ దండం చూసి ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

పాపం, ఆయనకి ఎదురు మాట అలవాటు లేదు. క్లినిక్కులో రోజంతా నోళ్ళు తెరుచుకుని పడుకున్నవాళ్ళతోనే పని. వాళ్ళు కాదనాలన్నా నోటినిండా దూది. అలాంటి మనిషి ముచ్చటపడి ‘ఆ రోజుల పాటలు’ అని గ్రూపొకటి పెట్టుకుంటే లోకంలోని జనమంతా అందులోనే దిగారు. పొద్దున్నే పూలగుత్తులతో శుభోదయాలు చెప్పేవాళ్ళు, పాట వినకుండానే సూపర్ సార్ అనేవాళ్ళు, దీన్ని రింగ్‌టోను ఎలా చేసుకోవాలని అడిగేవాళ్ళు. అందర్నీ భరించాడు. ఈ గులాబీ బొమ్మనే భరించలేకపోయాడు. పేరు లేదు, ఊరు లేదు, ప్రొఫైలు ఫొటోలో మొహానికి బదులు ఓ పువ్వు.

గొడవల్లా ఒక వాన పాట గురించి. ఆయన కుర్రతనంలో ఊరూవాడా ఊపేసిన పాప్ ఆల్బంలోది. రెండో చరణానికి ముందు వాయిద్యాలన్నీ తగ్గుతాయి, అక్కడ ఆ గాయని చిన్నగా నవ్వుతుంది. ఆపుకోబోయి ఆపుకోలేక, చివర్లో కాస్త తుళ్ళిపడే నవ్వు. ఆ నవ్వంటే ఆయనకి ప్రాణం. దాని మీద గ్రూపులో ఇంత పొడుగు వ్యాసం రాశాడు. అలాంటి నవ్వు ఇప్పుడెవరికీ చేతకాదనీ, ఆడవాళ్ళు మనసారా నవ్వడమే మర్చిపోయారనీ తీర్మానించాడు.

గులాబీ బొమ్మ వచ్చి, ఇంటర్నెట్లో దొరికే ఏ కాపీలోనూ నవ్వనేదే లేదు సార్ అంది. పాత పాటలు శుభ్రం చేసే వంకతో కంపెనీలు కోసేశాయనీ, తన క్యాసెట్టులో భద్రంగా ఉందనీ డాక్టరు ఒంటికాలి మీద లేచాడు. మరి మీ క్యాసెట్టు ఎక్కడిదండీ అని అడిగింది. దాంతో ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. పెళ్ళయిన కొత్తలో రికార్డింగు షాపులో అసలు రికార్డు నుంచి ఎక్కించుకున్నదనీ, కొందరిలా రేడియో ముందు టేపు పెట్టి కుక్కరు కూతలతో సహా పట్టుకున్న సరుకు కాదనీ రాశాడు. ఆదివారం పొద్దున లైవులో వినిపిస్తాను, అందరూ రండి అన్నాడు.

ఇదిగో, ఆ ఆదివారం వచ్చింది. టేపురికార్డరులో తెగిపోయిన బెల్టు మార్చాడు. క్లినిక్కు నుంచి తెచ్చిన దూదిపుల్లని స్పిరిటులో ముంచి, పిప్పిపన్ను శుభ్రం చేసినంత శ్రద్ధగా టేపు రాసుకునే హెడ్డు తుడిచాడు. ఇంతలో వంటింట్లోంచి కిసుక్కుమని చప్పుడు. భార్య ఫోనులో ఏదో వీడియో చూస్తోంది.

“ఇదుగో, కాస్త ఆ నవ్వు ఆపుతావా?” అన్నాడు.

చప్పుడు ఆగింది. ఆవిడకి ఇది కొత్త కాదు. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకోవడం ఏనాడో అలవాటైపోయింది. పళ్ళు బాగాలేక కాదు. ఏటా పరీక్ష చేసేది ఆయనే, ఒక్కటీ పుచ్చలేదు.

చెయ్యి తుడుచుకుంటూ ఆవిడ గది గుమ్మం దాకా వచ్చింది.

“ఏవండీ, ఒక మాట.”

“కుళాయి కారుతోందనేగా? లైవ్ అయ్యాక చూద్దాం.”

ఆవిడ ఆయన చేతిలోని క్యాసెట్టు వంక చూసి, ఏదో అనబోయి, సరేనని గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

లైవ్ మొదలైంది. గులాబీ బొమ్మ అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. డాక్టరుకి అనుమానాలు పట్టుకున్నాయి. టేపు నలిగి ఉంటే? నవ్వు చెరిగిపోయి ఉంటే? పదవి పోతే పోయింది, ఇన్నేళ్ళూ లేని నవ్వుని ప్రేమించాడని జనం నవ్వరూ?

పాట మొదలైంది. మొదటి చరణం అయింది. వాయిద్యాలు తగ్గాయి.

నవ్వు వినపడింది.

వయసు పైబడని నవ్వు, చివర్లో అలాగే తుళ్ళిపడుతూ. డాక్టరు కళ్ళు చెమర్చాయి. తెర నిండా ఎర్రటి గుండెలు ఎగిరాయి. ఇలాంటి నవ్వుంటే ఇంట్లో దీపమెందుకండీ అని ఒకరు రాశారు. పాట చివరికొస్తుండగా గులాబీ బొమ్మ కూడా దిగొచ్చింది. “తప్పైపోయింది సార్. నవ్వుంది. ఆ నవ్విన మనిషి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.”

డాక్టరు కాలరు సర్దుకున్నాడు. పాట ముగియగానే ఠక్కున ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ వినడం ఆయన అలవాటు. దాని తర్వాత ఇంకో పాట ఉందో లేదో ఎన్నడూ చూసినవాడు కాదు. ఇవాళ మాత్రం రెండు చేతులూ గులాబీ బొమ్మని క్షమించే పనిలో ఉన్నాయి. కొత్తవారు కాబట్టి వదిలేస్తున్నాననీ, అసలు నవ్వుని గుర్తుపట్టడానికి చెవి ఉండాలనీ టైపు చేస్తున్నాడు.

టేపు తిరుగుతూనే ఉంది. కాస్త గరగర. ఇంతవరకూ శ్రోతలు కోరిన పాట విన్నారని రేడియో అనౌన్సరు గొంతు చెప్పింది. గుమ్మం దగ్గర ఆవిడ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వెంటనే, డాక్టరుకి బాగా తెలిసిన కుర్రగొంతు ఒకటి గ్రూపంతటికీ వినపడేలా విసుక్కుంది.

“ఇదుగో, కాస్త ఆ నవ్వు ఆపుతావా?”