మాత్ర తప్పు కాదు

ఒరే చిన్నోడా,

ఎలుకల దగ్గరే ఆగిపోతుందన్నావు గానీ, ఈ కొత్త మందు ఆగిపోలేదు. ఇవాళ నేనూ మింగాను. కొకైన్ మానిపించే మాత్రట. ముందు నాలాంటి ఏ అలవాటూ లేనివాళ్ళ గుండె దాన్ని తట్టుకోవాలి. తట్టుకోకపోతే పరీక్ష ఆపేస్తారు.

ఛాతీ నిండా తీగలు అంటించి పడుకోబెట్టారు. చాలాసేపు గుండె బుద్ధిగానే కొట్టుకుంది. అంతలో డాక్టరమ్మ ఊసుపోక అడిగింది.

"ఈ వయసులో మీకెందుకు బామ్మగారూ ఈ సాహసం? ఇంట్లో ఎవరికైనా ఉందా ఈ అలవాటు?"

మిషన్ కీచుమంది. ఆవిడ మొహం పాలిపోయింది.

"మాత్ర పడలేదు, ఆపేద్దాం" అంటూ సిస్టరును కేకేసింది.

"మాత్రను ఆడిపోసుకోకమ్మా. అది నీ ప్రశ్న దెబ్బ" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. చేయని తప్పుకు మందు మీద మచ్చ పడబోతోంది. మీ నాన్నకు కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నది అప్పుడు కక్కేశాను.

"ఉంది. నా మనవడికి."

గుండె మెల్లగా దారికొచ్చింది. ఆవిడ సిస్టరును వెనక్కి పంపేసి, నా పక్కన కూర్చుంది.

ఇక్కడ చలి. ఆదివారం హాస్టలు నుంచి ఇంటికెళ్ళి నా ఊలు శాలువా పట్రా. మీ నాన్న అడిగితే బామ్మకు చలేస్తోందని చెప్పు. శాలువా తిన్నగా నా దగ్గరికి తేకు, డాక్టరమ్మ గదిలో ఇవ్వు. నీకోసం అక్కడ కుర్చీ వేయించింది.

బామ్మ