మేడ్చల్ సభ దాకా

దేవుడే బాగు చేశాడని సాక్ష్యం చెప్పి వేదిక దిగిన అబ్రహాంతో చెయ్యి కలపడానికి శామీర్‌పేట మందిరంలో అందరూ లేచి వచ్చారు.

ఒకాయన మాత్రం పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"చెయ్యి కాలుతాంది తమ్మీ," అన్నాడు. "జరమా?"

"ఎండల వడి వచ్చిన గదన్నా."

"వచ్చి గంటైతాంది. ఏసీ గూడ నడుస్తాంది."

అబ్రహాం చెయ్యి లాక్కున్నాడు. అతని భార్య ఎలీషమ్మ మధ్యలోకి వచ్చింది.

"ఎవరన్నా మీరు? డాక్టరా?"

"కాదు చెల్లె."

"మరింకేంది మీ పరేషాను? గుండెల వాల్వ్ మార్చిండ్రు, దేవుడు బాగు జేసిండు. గిప్పుడే జెప్పిండు గద మైకుల. విన్లేదా?"

"విన్న," అన్నాడాయన. "వాల్వ్ మార్చినంక జరమొస్తే ఆగొద్దు. దవాఖానకు పోండ్రి. గంతే."

ఇద్దరూ ఆయన మాట అక్కడే వదిలేసి బహదూర్‌పల్లిలో తమ ఇంటికి వచ్చేశారు.

అబ్రహాం గేట్లు వెల్డింగ్ చేస్తాడు. ఆపరేషన్‌కు ముందు నాలుగు మెట్లెక్కితే కూలబడేవాడు. ఆ సంగతి మైకులో ఎంత బాగా చెప్పాడంటే, వచ్చే ఆదివారం మేడ్చల్‌లో జరిగే పెద్ద సభకు ఫ్లెక్సీలో అతని ఫొటోనే వేశారు. కుట్లు కనబడాలని పై రెండు గుండీలు విప్పించి మరీ తీశారు.

సోమవారం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్లందరూ ఎలా ఉన్నారో కనుక్కునే అమ్మాయి.

"జ్వరం ఉందా సార్?"

"లేదు."

"ఆయాసం?"

"లేదు మేడం."

"మీ ఆరోగ్యానికి పదికి ఎన్ని మార్కులు ఇస్తారు?"

"పది."

ఆసుపత్రి కంప్యూటర్‌లో ఆపరేషన్ సక్సెస్ అని పడింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అబ్రహాం మెడదాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడని అందులో పడే వీలు లేదు.

బుధవారం ఆ శామీర్‌పేట ఆయన వాళ్ల గేటు ముందు బండి ఆపాడు.

"మందిరంల అడ్రస్ అడుక్కొని వచ్చిన చెల్లె. జరం తగ్గిందా?"

"గోలి ఏస్తే తగ్గుతాంది," అంది ఎలీషమ్మ. అన్నాక నాలుక కరుచుకుంది.

"తగ్గినట్టే ఉంటది, మళ్ల వస్తది. బండెక్కమను. నేనే తోల్కపోత."

కిటికీలోంచి అబ్రహాం పలికాడు. "ఆదివారం కానియ్యన్నా. మేడ్చల్ సభ గాంగనే నేనే పోత."

"గందాక ఎందుకు తమ్మీ?"

"బాగైన అని మైకుల జెప్పిన. ఫ్లెక్సీ గట్టిండ్రు. ఇప్పుడు వోయి దవాఖానల పంటే దేవుని పేరేంగావాలె?"

"దేవుని పేరుకు ఏంగాదు. నీ సంగతి జూస్కో."

"మీకెట్ల తెల్సన్నా గివన్ని?" నిలదీసింది ఎలీషమ్మ.

ఆయన నోరు తెరిచాడు. కిటికీలో అబ్రహాం ముఖం, భుజాల మీద దుప్పటి చూశాడు. నోరు మూసుకున్నాడు.

"తెల్సు," అన్నాడు.

"మీకు విశ్వాసం లేదు. అందుకే భయపెడ్తాండ్రు."

"లేదనే అనుకో తల్లీ. కాని తోల్కపో."

ఎలీషమ్మ గేటు వేసింది. చాలాసేపటిదాకా బండి స్టార్టయిన చప్పుడు రాలేదు.

"నీ ఫొటో జూసి ఓర్వలేక వచ్చినట్టుండు," అంది లోపలికొచ్చి.

అబ్రహాం నవ్వబోయాడు. సగంలోనే ఆయాసం వచ్చింది.

ఆదివారం మేడ్చల్ సభలో అబ్రహాం మైకు అందుకున్నాడు. "నాకిప్పుడు ఏ రోగం లేదు," అన్నాడు. తర్వాత మెల్లగా మోకాళ్ల మీదికి ఒరిగాడు.

కృతజ్ఞతతో మోకరించాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. హల్లెలూయ అన్నారు.

ఎలీషమ్మ ఒక్కతే వేదిక మీదికి పరుగెత్తింది.

"కొత్త వాల్వ్ చుట్టూ ఇన్‌ఫెక్షన్ పట్టేసింది," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "జ్వరం ఎప్పటినుంచి?"

"వారం దాటింది సారు," అంది ఎలీషమ్మ.

"మేం ఫోన్ చేస్తే లేదన్నారు కదమ్మా?"

"మళ్ల ఆపరేషన్ చెయ్యుండ్రి సారు."

"అప్పుడే వచ్చుంటే మందులతోనే చూసేవాళ్లం. ఇప్పుడు తట్టుకోలేడు."

తట్టుకోలేదు కూడా.

బహదూర్‌పల్లి దగ్గర సమాధికి జాగా దొరకలేదు. శామీర్‌పేట పాస్టరు తమ సంఘం స్థలంలో చోటిచ్చాడు. మట్టి వేసి, ప్రార్థన ముగించి జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

"జరం సంగతి నాకన్న జెప్పకపోతిరి," అన్నాడు పాస్టరు. "నేనే కొట్టి పంపుదును గదమ్మా దవాఖానకు."

ఎలీషమ్మ వినడం లేదు. రెండు సమాధుల అవతల ఒకాయన గొంతుకూర్చుని గడ్డి పీకుతున్నాడు. బండి మీద వచ్చిన ఆయనే.

ఆమె తలమీది కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"జూసి పోదామని వచ్చిండా అయ్యగారూ? తను జెప్పిందే అయిందని?"

"రాజారావా? మీకోసం రాలేదమ్మా. ఆయన రోజూ వస్తడు."

పాస్టరు గొంతు తగ్గించాడు.

"అది ఆయన భార్య సమాధి, ఆమెకు గూడ వాల్వే మార్చిండ్రు, మన మందిరంలనే సాక్ష్యం జెప్పింది, ఆఖరికి జరమొస్తే ఆయనకు గూడ తెల్వనియ్యలే."