పదో పేరు

“వెన్నెల!”

హాజరు పట్టీలో ఆఖరి పేరు పిలిచాడు మండల విద్యాధికారి నరేంద్రబాబు.

“ఉంది సార్!” అన్నారు తొమ్మిది మంది పిల్లలూ ఒక్క గొంతుతో.

నరేంద్రబాబు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు. అటు నుంచి తొమ్మిది. ఇటు నుంచీ తొమ్మిదే. కోవూరు వరిచేల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆయన. ఈ మండలానికి వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. పులికాట్ సరస్సు నడుమ ఉన్న ఈ లంకకు పడవలో, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని, కొత్త బూట్లు బురదకు సమర్పించుకుని మరీ వచ్చాడు. వచ్చింది ఒక్క అంకె కోసం. పదిమంది ఉంటే బడి ఉంటుంది. ఒక్కరు తగ్గినా తలుపుకు తాళమేసి, పిల్లల్ని అవతలి ఒడ్డు బడిలో కలిపేయాలి.

“ఉంటే కనపడాలి గదా! ఏదీ?”

జయశీల టీచరు తల వంచుకుంది. చాప మీద చిట్టికీ కిషోర్‌కీ మధ్య ఒక పిల్ల పట్టేంత జాగా ఖాళీగా ఉంది.

తలుపు దగ్గర నిలబడ్డ చిన్నపోలయ్య ముందుకొచ్చాడు. బడి తల్లిదండ్రుల కమిటీకి పెద్ద. వెన్నెలకు తాత. అబద్ధం చెప్పినా గోడ కట్టినట్టు చెబుతాడని లంకంతా పేరు.

“అదా సార్! దాని గాలానికి పండుగప్ప పడింది. దున్నపోతంత! పిల్ల గాలం వదల్లా, చేప పిల్లను వదల్లా. లాక్కోని లాక్కోని అరవోళ్ల ఒడ్డుకు తీసకపొయింది. ఇప్పుడాడ అరవం నేర్చుకుంటా ఉండాది.”

నరేంద్రబాబుకు నవ్వు రాబోయి ఆగింది. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు మరి.

“నిజం చెప్పు పెద్దాయనా. రొయ్యల గుంటల్లో పనికి పెట్టినావా పిల్లని?”

“దాన్ని పనికా! పలక కింద పెడితే ఎవురన్నా ఎత్తకపోతారని, పండుకునేటప్పుడు గూడా గుండెల మీద పెట్టుకునే పిల్ల సార్ అది.”

ఇంతలో ఒడ్డు మీద నుంచి ఎవరిదో కేక.

“పెదపోలయ్యా...!”

“ఉన్నాడు!” కిటికీలోంచి అంతకు రెట్టింపు కేకేశాడు చిన్నపోలయ్య.

“నీ పేరు చిన్నపోలయ్య అంటిరే?”

“పెదపోలయ్య మా అన్న సార్. శివరాత్రికి పొయినాడు.”

“పోయినోడు ఉన్నాడంటావేందయ్యా!”

“మా వంతుల లెక్క అంతే సార్. ఏ పొద్దు ఎవురు వలెయ్యాలో మాకు వంతులుంటాయి. మనిషి పొయినా ఏడాది తిరిగేదాకా పేరు కొట్టెయ్యం. పేరు పిలుస్తారు, ఇంట్లోవాళ్లు పలుకుతారు. వల నేనేస్తా, చేపలు మా వదినకిస్తా. ఇంకో మాట చెప్పేదా? మా అన్న బతికుండంగా పడిన చేపలకంటే, పొయినాక పడినయ్యే ఎక్కువ. ఉన్నన్నాళ్లూ వట్టి సోమరి లెండి!”

ఈసారి నరేంద్రబాబు పైకే నవ్వేశాడు. ఆ నవ్వుతో మనసు కొంచెం మెత్తబడింది కూడా. ముసలాయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“చూడు పెద్దాయనా. ఈ బడి మూస్తే చదువేమీ ఆగదు. అవతలి బడిలో అయిదు తరగతులకు అయిదుగురు టీచర్లు. అరగంట పడవ, అంతేగా! పోయిన కార్తీకంలో ఇక్కడ టీచరు లేనప్పుడు, మీ పిల్లలు రోజూ ఆ పడవలోనే పోయినారంట గదా? ఫైల్లో చూశాను.”

“పొయినారు సార్. పదిమందీ పొయినారు.”

“మరి అప్పుడు లేని కష్టం ఇప్పుడేంది?”

చిన్నపోలయ్య నోరు తెరిచాడు. ఏనాడూ కథ కోసం తడుముకోని నోరు అది. ఈసారి కథ మాని, చాప మీది ఖాళీ జాగా వైపూ, కిటికీ బయట పడవ పోయే నీళ్ల వైపూ చూశాడు.

నరేంద్రబాబు పట్టీ తిరగేశాడు. నిరుటి పట్టీ కూడా తెప్పించి చూశాడు. అందరి పేర్ల ఎదుటా గుర్తులున్నాయి. వెన్నెల పేరు ఎదుట, నిరుడు సగంలో మొదలై ఇవాళ్టి దాకా, వచ్చిందనీ లేదు, రాలేదనీ లేదు. గళ్లన్నీ ఉప్పు మడుల్లా తెల్లగా ఉన్నాయి.

“ఎనిమిది నెలలు! ఏందమ్మా ఇది? రాకపోతే రాలేదనన్నా వెయ్యాలి గదా?”

“చెయ్యి రాలా సార్,” అంది జయశీల.

ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. నవ్వించి మాయచేద్దామనుకున్నారని ఉక్రోషం కూడా.

“బడికి రాని పిల్లను లెక్కలో చూపిస్తే రేపు నా ఉద్యోగం పోతుంది. తొమ్మిది మందే. ఈ పేరు తీసేస్తున్నా.”

జేబులోంచి పెన్ను తీశాడు. పిల్లలు ఒకరికొకరు దగ్గరగా జరిగారు. చాప మీద ఆ ఖాళీ జాగాలోకి మాత్రం ఎవరూ జరగలేదు. పెన్ను ములుకు ‘వె’ దగ్గర ఆనిందో లేదో, పొలుసులంటిన రెండు అరచేతులు వచ్చి పట్టీని కప్పేశాయి.

“కొట్టెయ్యబాకండి సార్,” అన్నాడు చిన్నపోలయ్య. “మా అన్నకంటే ముందే పొయింది గానీ, దానికీ ఇంకా ఏడాది తిరగలా.”