అత్తగారి మీద తారు

విజిల్ మోగింది. క్రిసోఫొరో వ్యాను పక్కకు తీసి ఆపాడు. లోపలున్న పద్నాలుగు మందీ, ఒక టర్కీ కోడీ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు.

మోటారుసైకిలు దిగి వచ్చినవాడు ఉబాల్దో అనే కొత్త పోలీసు. నిన్ననే రాజధాని నుంచి బదిలీ అయి వచ్చాడు. బూట్లకు ఇంకా ఈ ఊరి దుమ్ము కూడా అంటలేదు.

"ఎంత తాగావురా?"

"పొద్దున్నే కాఫీ తాగాను సార్. దాల్చినచెక్క వేసింది."

"కాఫీ తాగినవాడు పాములా మెలికలు తిరుగుతాడా? అద్దంలాంటి రోడ్డు. వెతికినా గుంత లేదు. అర కిలోమీటరులో పదకొండు వంకర్లు తిప్పావు. లెక్కపెట్టాను."

"పదమూడు" అని వ్యాన్లోంచి దిద్దింది దోన్యా ఎర్మెలిందా. టర్కీ కోడి ఆవిడ ఒళ్ళోదే. "ఇటు ఏడు, అటు ఆరు. ఏళ్ళ తరబడి ఊగుతున్నాం, మాకు తెలీదూ!"

క్రిసోఫొరో తల గోక్కున్నాడు. పాపం, అతను మూడు రోజులు తమ్ముడి ఊళ్ళో జాతరకు పోయి వచ్చాడు. ఈలోగా గవర్నరు వస్తున్నాడని రోడ్డంతా తారు పోసేశారు. ఆ తారును కళ్ళు చూశాయి గాని చేతులు నమ్మలేదు. గుంత ఉండాల్సిన చోటు రాగానే స్టీరింగు దానంతటదే తిరిగిపోయింది.

"లైసెన్సు తియ్" అన్నాడు ఉబాల్దో.

తీసిచ్చాడు. ఆ కార్డు పోతే వ్యాను నడవదు. వ్యాను నడవకపోతే ఇంట్లో మొక్కజొన్న రొట్టెలకు పెనం వేడెక్కదు.

"ఎండగా ఉంది సార్. చల్లగా ఓ సోడా తాగుదురు గాని..." అంటూ క్రిసోఫొరో జేబులో చెయ్యి పెట్టాడు.

ఉబాల్దో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెయ్యి బయటికి తియ్యవయ్యా బాబూ! రేపు గవర్నరు వెళ్ళిపోయేదాకా నేను నిజాయితీపరుణ్ణి."

ఆ తర్వాత గొంతు పెంచాడు. "అదుగో, కొత్తగా వేసిన తెల్లగీత. దాని మీద తిన్నగా నడువు. పక్కకు తప్పావా, ఇక ఈ జన్మలో వ్యాను ఎక్కవు."

క్రిసోఫొరో గుండెల మీద సిలువ గీసుకుని బయల్దేరాడు. పది అడుగులు సూటిగా వేశాడు. ఇరవై అడుగులు వేశాడు. ముప్పయ్యో అడుగు దగ్గర అతని కాళ్ళు గీత వదిలి, గట్టు మీదికెక్కి, పెద్ద అర్ధచంద్రం చుట్టి మళ్ళీ గీత మీదికి వచ్చాయి.

"దొరికాడు!" అని గంతేశాడు ఉబాల్దో. "అక్కడెందుకు తప్పుకున్నావురా?"

"అత్తగారు సార్."

"ఎవరి అత్తగారు?"

"అందరికీ అత్తగారే" అంటూ ముసలి దోన్ ప్రోకులో వ్యాను దిగాడు. "ఈ దారిలో గుంతలన్నిటికీ పేర్లున్నాయి నాయనా. అన్నిట్లోకీ పెద్దది కనక దీనికి ఆ పేరు పెట్టుకున్నాం. ఏటా కేకు కోసి, పాట పాడి పుట్టినరోజు చేస్తాం. జనవరికి తొమ్మిదేళ్ళు నిండాయి. నిరుడు వానల్లో గుమ్మడికాయల బండి ఒకటి ఇందులో పడిపోయింది. నెల తిరిగేసరికి తీగ పైకొచ్చి కాయలు కాసింది. వాటిని కోసుకోవడానికి నిచ్చెన వేసుకుని దిగాం. గుంత అడుగు మాత్రం తగల్లేదు."

"నిచ్చెన సగందాకా నేనూ దిగాను" అంది దోన్యా ఎర్మెలిందా. "చలేసి వచ్చేశాను. లోపల వేరే కాలం."

"చాలు, ఆపండి!" అని కసిరాడు ఉబాల్దో. "అప్పుడెప్పుడో గుంత ఉండేదట! ఇప్పుడు లేదుగా? ప్రభుత్వం పూడ్చి తారు పోసింది. మీకు ప్రభుత్వం మీద నమ్మకం లేదా?"

జవాబుగా టర్కీ కోడి గడగడమని ఏదో అంది.

"గీత మీద నడవడం ఎలాగో నేను చూపిస్తా. నిజాయితీపరుడి నడక చూసి నేర్చుకోండి" అని ఉబాల్దో బెల్టు సర్దుకున్నాడు. స్వాతంత్ర్య దినం కవాతులో నడిచినట్టు, తల ఎత్తి, బూట్లు టపటపలాడించుకుంటూ బయల్దేరాడు. చేతిలో క్రిసోఫొరో లైసెన్సు జెండాలా ఊగుతోంది.

"సార్, అక్కడ కాస్త పక్కకి..." అన్నాడు క్రిసోఫొరో.

"నోర్ముయ్!"

ముప్పయ్యో అడుగు బలంగా వేశాడు. అప్పడం విరిగినట్టు చప్పుడైంది. మరుక్షణం రోడ్డు మీద పోలీసు లేడు. టోపీ ఒక్కటే గుంత అంచున గిర్రున తిరిగి, కాసేపు ఆలోచించి, అదీ లోపలికి పోయింది.

అందరూ పరిగెత్తారు. చేతివేలి మందం తారు, దానికింద అట్టపెట్టెల ముక్కలు. ఆ కింద అత్తగారు, ఎప్పటిలాగే నోరు తెరుచుకుని ఉంది.

"క్రిసోఫొరో గారూ!" అని పాతాళం నుంచి పిలుపు వచ్చింది. "ఏదో వేరు దొరికింది, పట్టుకుని వేలాడుతున్నాను. మీరు తాగలేదండీ! అమ్మతోడు, మీ అంత తిన్నగా నడిపే డ్రైవరు ఈ దేశంలోనే లేడు. ముందో తాడు వెయ్యండి!"

"ముందు లైసెన్సు సార్."

కార్డు గాల్లోకి ఎగిరి వచ్చింది. క్రిసోఫొరో దాన్ని తుడిచి, జేబులో పెట్టి, గుండీ పెట్టుకున్నాడు. అప్పుడు వ్యాను పైన సామాన్లు కట్టే తాడు విప్పి లోపలికి వదిలాడు. పద్నాలుగు మందీ పట్టుకుని లాగారు. ఎంత లాగినా బరువు తరగదే! చివరికి గుమ్మడి తీగలు మెళ్ళో వేసుకుని ఉబాల్దో పైకొచ్చాడు.

అతని బూటు పట్టుకుని, చేతిలో కొలత టేపుతో, కళ్ళద్దాల మనిషి మరొకడు పైకొచ్చి విసుక్కున్నాడు: "నేను రోడ్ల ఇంజనీరునండీ. ఇంకా లోతు కొలవడమే పూర్తి కాలేదు, అప్పుడే పైన తారు ఎవరు పోశారు?"