విధులకు ఆటంకం

"డ్యూటీలో ఉన్న సర్కారు డాక్టర్ని చెయ్యి పట్టి గుంజింది. జైల్లో పెట్టాల్సిందే," అన్నాడు డాక్టరు అరుణ్‌కుమార్, ఎస్సై ముందు కుర్చీలో వెనక్కి వాలి. "విధులకు ఆటంకం సెక్షన్ రాయండి. తెల్లదొరలు దాన్ని ఊరికే పెట్టలేదు. మొన్న చట్టాలు మార్చినా నంబరే మారింది, దెబ్బ మారలేదు."

ఆ మాట తనకే బాగా నచ్చింది. ఎదురుగా నిలబడ్డ రజిని ఎప్పుడు కాళ్ల మీద పడుతుందా అని చూస్తున్నాడు.

"గుంజినవా అమ్మా?" అడిగాడు ఎస్సై దత్తాత్రి.

"గుంజిన సారూ. మా అత్తకు ఊపిరి ఆడుతలేదని సర్కారు దవాఖానకు తీస్కపోయిన. కుర్చీ ఖాళీ. ఎతుక్కుంట పోతే సొంత క్లినిక్ల దొరికిండు. గాడనే గుంజిన."

"ఎక్కడైతే ఏంటి? అది నా డ్యూటీ టైమే," అన్నాడు డాక్టరు.

దత్తాత్రి రాయడం ఆపాడు. "మంచిది సార్. గా టైముల మీరు ఏ జాగల ఉన్నరో రాయాలె. దవాఖానా, క్లినిక్కా?"

డాక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు. దవాఖాన అంటే అబద్ధం, క్లినిక్ అంటే ఉద్యోగానికే ఎసరు.

"పోనీయండి, చదువుకోని మనిషి. జాలిపడి వదిలేస్తున్నా," అన్నాడు.

"నేనైతె వదుల్తలేను," అంది రజిని. "కేసు రాయుండ్రి సారూ. క్లినిక్ల లైన్ల కూసున్నోళ్లంత సాక్ష్యం చెప్తరు."

డాక్టరు లేచి తలుపు వైపు నడిచాడు.

"యాడికి సార్?" అన్నాడు దత్తాత్రి. "కూసోండ్రి. ఫిర్యాది మీరే కద."