గోడకి పొట్ట

“మామయ్యా, ఇదేమిటి! గోడకీ చెక్కకీ మధ్య నా వేలు దూరిపోతోంది.”

హాల్లో నేల మీద కూర్చుని, గోడ అడుగున వేసే స్కర్టింగ్ చెక్కకి మేకులు కొడుతున్న మామగారు సుత్తి ఆపారు. వడ్రంగం మానేసినా, సొంతింటి పని పరాయివాడి చేతికివ్వనని పంతం పట్టి, పెరట్లో కూర్చుని చెక్కలన్నీ తనే కోశారాయన.

“కొసలు రెండూ బిగించాగా! మధ్యలో గోడకి పొట్ట ఉంది. దానికి సరిపడా చెక్క వెనక లోతు తీశాను. ఇంకో మేకు పడితే అతుక్కుపోతుంది.”

మేకు పడింది. సందు సందులాగే ఉంది.

“అసలు కొలిచి కోశారా?”

“ఈ గోడని కొలవాలా అమ్మాయ్? కట్టినప్పట్నుంచీ దాని వంకరలన్నీ నాకు కంఠతా. గోడ వంకరైతే చెక్కనంటావేం?”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది,” అనేసి కోడలు నాలుక కరుచుకుంది. పాప పుట్టాక మానేసిన ఉద్యోగంలో రేపే మళ్ళీ చేరాలి. పాపని చూసుకుంటానని మాటిచ్చింది ఈయనే. ఇప్పుడు అలిగితే?

“లైటు వెయ్యనా మామయ్యా?” అంది మెత్తగా.

“అక్కర్లేదు.”

పాప పాక్కుంటూ వచ్చి, ఆయన మోకాలి పక్కనున్న మేకు తీసి నోటి దాకా తీసుకెళ్ళింది. కోడలు ఒక్క అంగలో లాక్కుంది.

“మీ ఎదురుగానే కదా మామయ్యా!”

“చెక్క మీద ధ్యాసలో ఉన్నాను,” అని గొణిగారు.

ఆమె పాపని చంకనేసుకుని, “పోనీలెండి, సందులో కాస్త పుట్టీ పెడితే సరి,” అంది.

“నా పనికి పుట్టీయా! పొట్ట నువ్వే చూడు. ఇదిగో, ఇక్కడ!” వేలితో చూపించారు.

వేలు చూపించిన చోట గోడ పలకలా చదునుగా ఉంది.

“మీరు మీ కూతురింట్లో ఉండగా మేస్త్రి వచ్చి ఆ ఉబ్బంతా చెక్కేసి, కొత్తగా సిమెంటు పూసి వెళ్ళాడు కదా మామయ్యా. వచ్చాక మీరు చూడలేదూ?”

ఆయన అరచెయ్యి గోడని తాకి, ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా పాకింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. సుత్తి కింద పెట్టి తలెత్తారు. చూపు ఆమె భుజం పక్కన ఎక్కడో నిలిచింది.

“రేపు పాపని నాకొదిలి వెళ్ళకమ్మా.”